అమీరుపేట అచ్చు: అంతర్జాలపుటలు ముద్రితపుటలైన వృత్తాంతము

తెలుఁగు ముద్రణచరిత్రను వ్రాయువారు సామాన్యముగా 1746వ సంవత్సరమున జర్మనీదేశమునందలి హాలేపట్టణమున బెంజమిన్ షుల్జు అచ్చొత్తించిన క్రైస్తవగ్రంథములతోఁ బ్రారంభింతురు. శ్రీరామపురము, చెన్నపట్టణములమీఁదుగా వచ్చి, 1854లో వెలసిన వావిళ్లవారి ముద్రాశాలకడఁ గొంతతడవు నిలిచి, సీసపుటక్షరములు మూలఁబడిన కాలముతోఁ గలమును దించుదురు. ఆ పిమ్మట జరిగినది కేవలము యంత్రముల మార్పనియు, అందు సాహిత్యపరిశోధకులు విచారింపవలసిన దేమియు లేదనియుఁ బలువుర యభిప్రాయము. ఈ యభిప్రాయము నిలువఁజాలదు. సీసము పోయిన తరువాతనే తెలుఁగక్షరమునకు రెండు శరీరము లేర్పడినవి. ఒకటి అచ్చుకూటమువారిది, రెండవది అంతర్జాలమునకుఁ జెందినది. కంటికి రెండును ఒక్కటే. కాని యంత్రమునకు అవి వేర్వేఱు లిపులు. ఇంచుమించుగా ఇరువదియేండ్లపాటు ఇవి యొకదానినొకటి గుర్తింపలేదు. ఆ యెడబాటు ఎట్లు కలిగెను, ఎట్లు కొంతవఱకుఁ దీఱెను, అందులో నేమేమి నష్టపడితిమి అనునవి గ్రంథపరిష్కర్తలకును, బడిపంతుళ్లకును దెలియవలసిన విషయములు.

ఈ వృత్తాంతమునకు హైదరాబాదు నగరమధ్యమునందలి అమీరుపేట, పంజాగుట్టలు తగిన రంగస్థలములు. తొల్లిటి తెలుఁగు ముద్రణోద్యమమునం దీ పేటలకు స్థానము లేదు. 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము, 1906లో ఈ నగరముననే స్థాపితమైన విజ్ఞానచంద్రికామండలి, 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు నడపనారంభించిన గోలకొండపత్రిక, ఇవి యన్నియు వేఱుపేటలకుఁ జెందినవి. అమీరుపేటకుఁ బేరు కంప్యూటరు పాఠశాలలవలన వచ్చినది. మైత్రీవనము, స్వర్ణజయంతి సముదాయము, ఆదిత్య ఎన్‌క్లేవునందలి నీలగిరిభవనము మొదలగు కట్టడములలో అంతస్తు కొకటికి మించి పాఠశాలలు 1990ల నడుమనుండి పుట్టుకొనివచ్చినవి. 2000వ సంవత్సరము ప్రవేశించునప్పటికిఁ బాతలెక్కల యంత్రములందలి తేదీలను సవరింపవలసివచ్చిన సందర్భమున దూరదేశములకుఁ బనివారు కావలసివచ్చిరి. 1998లో మాదాపురమున సైబరుటవర్సు తెఱవఁబడెను. జిల్లాలనుండి పట్టభద్రులు పెట్టెలు పట్టుకొని అమీరుపేటలో దిగిరి. పంజాగుట్టయో, నిమ్సు వైద్యశాలకును నాగార్జున కూడలికిని నడుమ వ్యాపించిన వీథులతో, అమీరుపేటకుఁ బొరుగై యున్నది. దానిని జేరియున్న సోమాజిగూడలో ఈనాడు దినపత్రిక కార్యాలయము చిరకాలము ప్రసిద్ధమై యుండెను. ఒకప్రక్కఁ బాఠశాలలు, ఒకప్రక్కఁ బత్రిక, నడుమ జెరాక్సు దుకాణములు, డీటీపీ కేంద్రములు, డిజిటలు అచ్చుకూటములు. అచ్చుచరిత్రకుఁ గావలసిన సామగ్రి యంతయు నొకమైలు దూరములో నమరినది.

అమీరుపేటలో మొదట అచ్చుపుటగా మాఱినది తెలుఁగు కాదు, ఆంగ్లము. అచ్చటి వాడుకలో దానిపేరు మెటీరియలు. ఉపాధ్యాయుఁడు తరగతిలో నల్లబల్లమీఁద వ్రాసినదానిని దస్తూరి బాగుగానున్న విద్యార్థి యొకఁడు నోటుపుస్తకమునఁ జక్కగా నెక్కించుకొనును. తరగతి ముగియు నాఁటికి ఆ పుస్తకము జెరాక్సు దుకాణమునకుఁ జేరును. అచ్చట దానికిఁ బ్రతులు పుట్టును. స్పైరలు బైండింగుతో దుకాణపు బల్లమీఁదికి వచ్చును. తరువాతి జట్టు విద్యార్థులు బడిలోఁ జేరకమునుపే దానిని గొనుక్కొందురు. తాళపత్రములకాలమున శిష్యులు గురుముఖతః విన్నదానిని వ్రాసికొని ప్రత్యంతరములు పుట్టించిన విధమునకును దీనికిని భేద మల్పము. ప్రతినుండి ప్రతికి దోషములు సంక్రమించుటయు నట్లే; కాకపోయిన, జెరాక్సు యంత్రము క్రొత్తతప్పులను జేర్పదు, పాతతప్పులను దిద్దదు. లేఖకప్రమాదములను బట్టి ప్రతుల వంశవృక్షమును గట్టు పరిష్కర్త కిది మంచి యభ్యాసక్షేత్రము కాఁదగినది. కాని ఆ ప్రతులను భద్రపఱచినవారు కానరారు.

ఆ తరువాత ఉపాధ్యాయుల పాఠములు కంప్యూటరుమీఁదఁ గూర్పఁబడెను. మఱికొంతకాలమునకు, అంతర్జాలమున విడుదలయైన సాంకేతికగ్రంథములే పుటలుపుటలుగా దింపఁబడి అచ్చగుచుండెను. ఒక భాషయొక్క, అనఁగా యంత్రభాషయొక్క, నియమావళిని దాని నిర్మాతలు వేలపుటలుగా అంతర్జాలమున నుంచిరి. ఇంటిలో కంప్యూటరు లేని విద్యార్థి నెట్‌సెంటరునఁ గూర్చుండి, కావలసిన పుటలను బ్రౌజరునుండి ముద్రణకుఁ బంపి, కాగితములను దొంతిగాఁ బేర్చి, కుట్టించుకొని, అద్దెగదిలోఁ జదువుకొనెను. అంతర్జాలము పుస్తకమును జంపునని పాశ్చాత్యులు చర్చించుచున్న దినములలో అమీరుపేట అంతర్జాలమునే పుస్తకముగాఁ గుట్టుకొనుచుండెనని చెప్పిన నతిశయోక్తి గాదు.

ఇది సులభసాధ్యమగుటకుఁ గారణము ఆంగ్లలిపికిఁ దెఱమీఁదను, కాగితముమీఁదను, ఫైలులోను ఒకటే సంకేతముండుట. అదే నెట్‌సెంటరులో, అదే యంత్రముమీఁద, తెలుఁగుపుటను దెఱచినచో అక్షరములకు మాఱుగా వరుసగా డబ్బాలు కానవచ్చెడివి. 2001లో వెలువడిన విండోసు ఎక్స్‌పీలో గౌతమియను తెలుఁగు ఫాంటు ఉన్నమాట నిజమే. కాని సంయుక్తాక్షరములను గూర్చు అంగమును బ్రత్యేకముగా స్థాపించుకొనవలసియుండెను. దానికి మూలపు సీడీ కావలెను. అద్దెయంత్రములకడ సీడీ యెవరికి దొరకును?

అటైనచో నాఁడు హైదరాబాదులోఁ దెలుఁగుపుస్తకములే అచ్చు కాలేదా? వేలకొలఁది యచ్చైనవి. ఇచ్చటనే విషయము చిక్కఁబడుచున్నది. ఆల్డసువారి పేజిమేకరు 1985లో వెలువడెను. లేజరుముద్రణయంత్రముతోఁ గూడి అది కంపోజిటరు పనిని బల్లమీఁది పనిగాఁ జేసెను. డీటీపీ యనుమాట అప్పటిదే. 1994లో ఆల్డసు సంస్థ అడోబిలోఁ గలిసెను. పేజిమేకరు తెలుఁగు నెఱుఁగదు. దానికిఁ దెలిసినది ఒకబైటున నిమిడెడు 256 స్థానములు మాత్రమే. తెలుఁగు ఫాంటులను జేసినవారు ఆంగ్లాక్షరముల స్థానములలోఁ దెలుఁగు తునుకలను గూర్చుండఁబెట్టిరి. తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తు లింకొకచోట. అను, శ్రీలిపి మొదలగునవి ఈ జాతివే. ఆపరేటరు నొక్కిన మీటలకు ఆ తునుకలు తెఱమీఁద నతుకుకొని యక్షరముగాఁ గానవచ్చును. తొంబదులనుండి రెండువేలపదుల తొలియేండ్లవఱకుఁ దెలుఁగులో వెలువడిన నవలలు, పాఠ్యపుస్తకములు, శతకవ్యాఖ్యలు, పెండ్లిపత్రికలు నించుమించుగా నన్నియు నీ తునుకల కూర్పే.

సీసపుటక్షరముల కాలముననుఁ దెలుఁగు తునుకలతోనే కూర్పఁబడెనుగదా, కొత్తయేమున్నదని యడుగవచ్చును. భేదమున్నది. సీసము కరగిపోయినను గాగితముమీఁది మాట మాటగా నిలిచియుండును. కాని డీటీపీ ఫైలునందు మాట యను పదార్థమే లేదు, ఉన్నది ఆకారము. దానిని వేఱుయంత్రమునఁ దెఱచినప్పుడు ఆ ఫాంటు లేనిచో ఆంగ్లపు గజిబిజి యగపడును. అందు నొక పదమును వెదకుట యసాధ్యము. అకారాదిగా నమర్చుట యసాధ్యము. అంతర్జాలమున నుంచుట యంతకన్న నసాధ్యము. దినపత్రికలు సైతము తమ తొలి యంతర్జాలపుటలను సొంత ఫాంటులతోనే వెలువరించినందున, ఒక పత్రికపుటను జదువు యంత్రము మఱియొకదానిని జదువఁజాలకపోయెను. ఒకే భాషలో వ్రాయు పత్రికలకు నడుమ దుబాసీలు కావలసివచ్చెనన్నమాట.

ఆ దుబాసీలు వచ్చిరి. తెలుఁగును రోమనులిపితో వ్రాయు ఆర్టీయస్ పద్ధతిని 1990ల తొలియేండ్లలో హ్యూస్టనునందలి రైసు విశ్వవిద్యాలయమునఁ గన్నెగంటి రామారావు, ఆనందకిశోర్ మున్నగువారు కల్పించిరి. ఆ పద్ధతి ననుసరించియే వీవెన్ అను పేరఁ బ్రసిద్ధుఁడైన సాంకేతికుఁడు 2006లో లేఖినియను పరికరమును అంతర్జాలముననే నెలకొల్పెను. దేనినిఁ దన యంత్రమున స్థాపింపకయే యెవరైనను అందుఁ దెలుఁగు వ్రాయవచ్చును. 2003 డిసెంబరులోఁ దెలుఁగు వికీపీడియాకు నాంది పలికిన వెన్న నాగార్జున పద్మయను ననుబంధమును రచించెను. అది బ్రౌజరులో నిలిచి, పత్రికల తునుకలలిపిని జదువుచుండఁగానే యూనికోడుగా మార్చివేసెడిది.

మార్పు చెప్పినంత సులభము గాదు. స్త్రీ యను నక్షరమును జూడుఁడు. యూనికోడున నది ఆఱుసంకేతముల వరుస: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, ఈకారచిహ్నము. ఇది యుచ్చారణక్రమము. కాని కంటికిఁ గానవచ్చునది సీ, దానిక్రింద తవత్తు, ఆపై రవత్తు. తునుకలలిపి కంటిననుసరించును గనుక అందు సీ యొకటే తునుకగా ముందు నిలుచును. మార్చునట్టి పరికరము ఆ గుడిదీర్ఘమును సకారమునుండి యూడఁదీసి, వత్తులు రెండును దాఁటించి, చివరకుఁ జేర్పవలెను. క్రావడి అక్షరమును ఎడమనుండి చుట్టుకొనును గనుక కొన్ని ఫాంటులలో అది హల్లుకంటె ముందే కూర్పఁబడును; దానిని వెనుకకుఁ ద్రిప్పవలెను. ఇఁక సున్న సంగతి మఱింత చిక్కు. పూర్ణానుస్వారమునకును అంకెల సున్నకును గంటికి భేదము లేనందున ఆపరేటరు చేతికి దగ్గఱగా నున్నదానిని వేయును; కాగితముమీఁద దోషము లేదు, మార్చినతరువాతఁ బదము పదము గాకుండఁబోవును. శాసనములలో అక్షరసామ్యమువలనఁ గలుగు భ్రమలను దిద్దు పరిశోధకునకు ఈ పని క్రొత్తగాఁ దోఁపదు.

యూనికోడు మాట యెత్తితిమి గనుక దాని కాలక్రమమును నిర్ణయింప నగును. 1991లో వెలువడిన ప్రథమసంపుటముననే తెలుఁగునకు 128 స్థానముల గడి యీయఁబడెను. దాని యేర్పాటు భారతప్రభుత్వపు ఇస్కీ ప్రమాణము ననుసరించినది. అనఁగాఁ బేజిమేకరు తునుకలు హైదరాబాదులో వ్యాపించుటకు మునుపే సరియైన సంకేతము ప్రపంచమున సిద్ధమైయున్నది. అట్లయ్యును అచ్చుకూటములు దానిని రెండుదశాబ్దములు స్వీకరింపలేదు. ఇందులకుఁ దెలుఁగులిపి జటిలతయే కారణమని సామాన్యముగాఁ జెప్పుదురు. ఈ వాదము విచారమునకు నిలువదు. 1990ల తొలియేండ్లలోనే ముక్కవిల్లి దంపతులు టెకు వ్యవస్థకుఁ దెలుఁగును జేర్చిరి. 2004లో జోనథన్ క్యూ రచించిన క్సీటెకు యూనికోడు తెలుఁగును జక్కఁగఁ గూర్చెను. లిపి యెంత జటిలమైనను గూర్పఁదగినదే యని ఇవి రుజువు చేసినవి. ఐనచో అసలు కారణ మేది? అచ్చుకూటమువారి చేతిపరికరము. పేజిమేకరు 2001నాఁటి యేడవకూర్పుతో నిలిచిపోయెను. దాని వారసుఁడైన ఇన్‌డిజైను 1999లోఁ బుట్టినను, 2012నాఁటి ఆఱవ సియస్ కూర్పువఱకు భారతీయలిపులను దనంతట సరిగాఁ గూర్పనేరదు. ఈ పదమూఁడేండ్ల యాలస్యము తెలుఁగుది కాదు, విక్రేతలది. దీనికి ఆపరేటర్ల యభ్యాసముఁ దోడైనది. యాపిలు కీబోర్డనఁబడు అమరికలో వ్రేళ్లు పండిపోయినవాఁడు, గంటకు నిన్నిపుటలని కూలి లెక్కించుకొనువాఁడు, క్రొత్త అమరికను నేర్చుకొనుటకై నెలరోజుల జీతమును బోఁగొట్టుకొనునా? అమీరుపేట డీటీపీ తరగతులలోఁ బేజిమేకరు, కోరల్‌డ్రా, ఫోటోషాపు అను మూఁటినే చిరకాలము బోధించుచుండుటయు నందువలననే. అంగడి యడిగినది బడి చెప్పినది.

ఇంతవఱకు అక్షరము సంగతి. పుట సంగతి వేఱు. అంతర్జాలపుటకు అంతము లేదు. అది చుట్టవలె సాగును. అచ్చుపుట కొలత కలది. డెమ్మీ అష్టమాంశమునకుఁ గోసిన పుస్తకము ఐదున్నర అంగుళముల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళముల పొడవు; పదునాఱేసి పుటల ఫారములుగా ముద్రితమగును. తెఱమీఁద ఆఱునూఱు చుక్కల వెడల్పుగల చిత్రము నిండుగాఁ గానవచ్చును. అచ్చునకు అంగుళమునకు మున్నూఱు చుక్కలు కావలెను గనుక అది రెండంగుళములకుఁ గుంచించుకొనిపోవును. పంజాగుట్ట అచ్చుకూటమునకు అంతర్జాలచిత్రములను దెచ్చి, పెద్దవిగా వేయుఁడని కోరు గ్రంథకర్తకు మొదట నెదురగు నిరాశ యిదియే. తెఱ వెలుఁగుతోఁ జూపు వర్ణములు వేఱు, సిరాతోఁ బుట్టు వర్ణములు వేఱు.

ఐనను అంతర్జాలపుటను గొలతపుటగా విఱుచు నుపాయము నిర్మాతలకుఁ దొలినుండియుఁ దెలియును. 1998నాఁటి రెండవ శైలిప్రమాణముననే పుటలకు నంచులు, విరామములు విధించు నధ్యాయ మొకటి కలదు. దానిని బ్రౌజరులు చిరకాలము సగముసగముగానే యమలు చేసినవి. ఆ కొఱఁతను దీర్చుటకై వివ్లియోస్టైలు, పేజిడ్‌జేయస్ అను పరికరములు తరువాత వచ్చినవి. ఇవి బ్రౌజరులోనే పుటసంఖ్యలను, శీర్షికలను, అధోజ్ఞాపికలను అమర్చి పీడీయఫ్ ఫైలును జేతికిచ్చును. టెకు నెఱిఁగినవారికి ఓవర్‌లీఫు కలదు. క్సీటెకు నెన్నుకొని, తెలుఁగు ఫాంటును జేర్చినచోఁ దమ యంత్రమున నేమియు స్థాపింపకయే గ్రంథమును గూర్చుకొనవచ్చును.

ఈ పరికరముల యందుఁ దెలుఁగునకు మిగిలియున్న బాధ యొకటి పండితులు గమనింపఁదగినది. అది పంక్తివిచ్ఛేదము. బ్రౌజరు ఖాళీ యున్నచోటనే పంక్తిని విఱుచును. చిన్నచిన్న మాటలు గల భాషల కది సరిపోవును. దీర్ఘసమాసములతోను, సంధులతోను గూడిన తెలుఁగుపంక్తిలో, చివర నిమడని సమాసము నిలువున క్రిందికి దిగిపోఁగా, మిగిలిన రెండుమూఁడు పదముల నడుమ అగడ్తలు పడును. తాళపత్రలేఖకుఁడుగాని, సీసపు కంపోజిటరుగాని ఈ బాధ నెఱుఁగఁడు. ఏ యక్షరము తరువాతనైనను బంక్తిని ఆపి, తక్కినది క్రిందిపంక్తిలో వ్రాసికొనెడివాఁడు. అది లిపిధర్మమునకుఁ దగినదే. సంతోష్ తొట్టింగల్ 2010 ప్రాంతమున భారతీయభాషలకుఁ బదవిచ్ఛేదసూత్రములను టెకునకు సమకూర్చినప్పుడు ఈ పాతయాచారము యంత్రమునకుఁ దిరిగి నేర్పఁబడినట్లయ్యెను. అక్షరమధ్యమున విఱువరాదు, అక్షరాంతమున విఱువవచ్చునను నియమ మంతయే. ఇంతటి స్వల్పవిషయమునకై గ్రాంథికగద్యము నచ్చొత్తించువారు ఎన్ని పుటలను చేతితో దిద్దిరో లెక్కలేదు.

అంతర్జాలమునందలి తెలుఁగును బుస్తకముగాఁ గుట్టు ప్రయత్నములలో ముఖ్యమైనది వికీపీడియాది. 2007లో వికీమీడియా సంస్థ పీడియాప్రెస్సను జర్మనుసంస్థతో నొడంబడికఁ జేసికొనెను. పాఠకుఁడు తనకు నచ్చిన వ్యాసముల నేఱుకొని, వరుసపెట్టి, మీట నొక్కినచో నవి పుటలై పీడీయఫ్‌గానో, అట్టవేసిన పుస్తకముగానో చేతికి వచ్చును. ఆంగ్లమునకు ఇది చక్కఁగఁ బనిచేసెను. తెలుఁగునకుఁ జేయలేదు. ఆ యంత్రాంగమునకు సంయుక్తాక్షరముల కూర్పు తెలియనందున క్షకారము కకారముగను, పొల్లుగను, షకారముగను జీలిపోయెను. 2014లో క్సీటెకు నాధారముగాఁ గొన్న మఱియొక యంత్రాంగము దానిస్థానమున వచ్చినది. దానిని నిర్వహించుట కష్టమని 2017లో నుపసంహరించిరి. ఆ తరువాతి యుపాయము బ్రౌజరుచేతనే పుటను ముద్రింపించుట. హార్ఫ్‌బజ్ అను నక్షరసంధాయకము బ్రౌజరులలోఁ బ్రతిష్ఠితమైనందునఁ దెఱమీఁద సరిగాఁ గానవచ్చు తెలుఁగు కాగితముమీఁదనుఁ జీలక వచ్చుచున్నది. కాని పలువ్యాసములను గలిపి యొకపుస్తకముగాఁ గుట్టు సౌకర్య మందు లేదు. వికీసోర్సునందలి గ్రంథములకు మాత్రము ప్రత్యేకపు ఎగుమతి పరికరము కలదు. అందుఁ బూర్ణగ్రంథము ఈపబ్‌గాను, పీడీయఫ్‌గాను దొరకును.

2017వ సంవత్సరమును గూర్చి యిచ్చట ఒకమాట చెప్పవలసియున్నది. ఆ యేఁడే వికీపుస్తకముల యంత్రాంగ ముపసంహృతమైనది. ఆ యేఁడే భారతీయ డిజిటలు గ్రంథాలయపు జాలస్థలము మూఁతపడెను. అపురూపములైన తెలుఁగుగ్రంథములు సైతము అందుఁ బుటపుటకుఁ జిత్రములుగా దొరకెడివి. స్వామ్యహక్కుల చిక్కులవలన అది నిలిచిపోఁగా, ఇంటర్నెట్ ఆర్కైవునఁ బ్రతులు దాఁచియుంచినవారి పుణ్యమున నవి మిగిలినవి. ఆ యేఁడు నవంబరులోనే ఫైర్‌ఫాక్సు తన పాతపద్ధతి యనుబంధముల నన్నింటిని విసర్జించెను. పద్మ పుట్టినది ఆ పద్ధతిలోనే. ఆ నెల 28వ తేదీనాఁడే అమీరుపేటకు మెట్రోరైలు వచ్చినది. రైలును జూచుటకు జనులు తండోపతండములుగాఁ బోయిరి. తక్కిన మూఁటి నష్టమును గమనించినవారు మిక్కిలి కొందఱు.

నష్టము స్వరూపమును గుఱించి భ్రమ యుండఁగూడదు. తొంబదులనుండి వెలువడిన పుస్తకములు కాగితముమీఁద నున్నవి, గ్రంథాలయములలో నున్నవి. నశించుచున్నది వాని కూర్పు. ఒక గ్రంథమును మరలఁ బ్రకటింపవలసినచో ఫైలు దొరకదు. దొరకినను ఆ ఫాంటు కూర్పు తెలియదు. రెండును దొరకినను పేజిమేకరు నేఁటి యంత్రముల నెక్కుట కష్టము. కావున అచ్చుపుస్తకమును జిత్రముగాఁ దీసి, గూగులువారి యక్షరగ్రాహకము మొదలగువానికిఁ జూపి, వచ్చిన పాఠమును వికీసోర్సువంటి చోటులఁ జేతితో దిద్దుకొనవలసివచ్చుచున్నది. కంప్యూటరుమీఁదఁ గూర్పఁబడిన గ్రంథమును గంప్యూటరుచేతనే మరలఁ జదివించుటకు అక్షరముక్షరముగా శ్రమపడుట! మకారమునకును వుకారమునకును బడు భ్రాంతులు వేలకొలఁది. 1910నాఁటి సీసపుపుస్తకమునకును, 1998నాఁటి డీటీపీ పుస్తకమునకును ఈ విషయమున భేదము లేకపోవుట విచారకరము.

విపణి కూడఁ దెలుఁగును గొంతకాలము వెలిగానే చూచినది. అమెజాను సంస్థ 2016 డిసెంబరులో భారతీయభాషల పుస్తకములకుఁ గిండిలున స్థానమిచ్చినప్పుడు హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము అను నైదుభాషలను గైకొనెను. తెలుఁగు ఆ జాబితాలో లేదు. అప్పటికాఱేండ్లు మునుపే, 2010లో, తెలుఁగుపుస్తకములకై కినిగె యను నంతర్జాలాంగడి వెలసియుండుటఁ జూడఁగా, పాఠకులు లేరనుమాట చెల్లదు. మఱియొకప్రక్క, డిజిటలు ముద్రణయంత్రములు వచ్చినతరువాత వేయిప్రతులు వేయవలెనను నిర్బంధము తొలఁగినది. ఆఫ్‌సెట్టునకుఁ బ్లేట్లు చేయవలెను. ఆ వ్యయము ప్రతులమీఁదఁ బంచుకొనవలెను. డిజిటలు యంత్రమునకుఁ బీడీయఫ్ చాలును. ఇరువదిప్రతులైనను వేయును, ఒకప్రతియైనను వేయును. జిల్లాపండితుఁడు తన శతకమును అంతర్జాలపరికరమునఁ గూర్చుకొని, ఫైలును బంపి, మఱునాఁటికిఁ బ్రతులను బస్సులోఁ దెప్పించుకొనుట నేఁడు వింత గాదు. అమీరుపేట మెటీరియలునకు ముప్పదియేండ్లక్రిందట లభించిన సౌకర్యము తెలుఁగుపద్యమున కిప్పుడు లభించినదన్నమాట.

ఆ పద్యమునకుఁ గావలసిన ఫాంటుల కొఱఁతయుఁ గొంత తీఱినది. తిరుమల కృష్ణదేశికాచార్యులు రచించిన పోతన, వేమన ఫాంటులు యూనికోడు తొలినాళ్లలోఁ దెలుఁగువారిని ఆదుకొన్నవి. 2013 ప్రాంతమునఁ బురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన గిడుగు, గురజాడ, మల్లన్న, సురవరము మున్నగు ఫాంటులను సిలికానాంధ్ర సంస్థ ఉచితముగా విడుదల చేయఁగా, గూగులువారి ఫాంటుల కోశమున నవి యందఱకును లభించుచున్నవి. సురవరము అను ఫాంటు గోలకొండపత్రికా సంపాదకుని పేరిటిది. వార్తాపత్రికలకుఁ దగినట్లు చేయఁబడినది. నిజాముకాలమునఁ దెలుఁగు అచ్చునకై పాటుపడిన వాని పేరిట నొక యచ్చు వెలయుట సముచితముగ నున్నది.

ప్రాచీనగ్రంథములను బ్రకటించువారికి అక్షరమాల పూర్తియగుట కింకను దీర్ఘకాలము పట్టినది. అరసున్నయు శకటరేఫమును యూనికోడున మొదటినుండియు నున్నవి. దంత్యచకారజకారములు ౘ, ౙ లును, సంస్కృతగ్రంథములకుఁ దప్పనిసరియైన యవగ్రహచిహ్నమును 2008లోఁ గాని చేరలేదు. శాసనములందలి ఱకారజాతికిఁ జెందిన మఱియొక యక్షరము, ౚ, 2015లోఁ జేరెను. పాత యచ్చుపుస్తకములందుఁ బ్రతిపుటలోను గానవచ్చు నకారపొల్లునకుఁ బ్రత్యేకసంకేత మబ్బినది 2021లో. సంకేత మబ్బినంతమాత్రమునఁ బని తీఱదు. ఫాంటులలో దాని రూపము చేరవలెను, మీటలపలకమీఁద దానికి స్థానము కావలెను. అంతదాఁక, పూర్వముద్రణమును ఉన్నదున్నట్లు తెఱమీఁద నెక్కింపఁబూనిన పరిష్కర్త నకారమునకుఁ బొల్లు చేర్చి సరిపెట్టుకొనుచున్నాఁడు. అంతర్జాలపుటనుండి డిజిటలు యంత్రమునకు వెళ్లి కాగితముమీఁద వచ్చునదియు నా రూపమే.